బియ్యం ఇవ్వని పేరు

"ఇంకెవరైనా ఉన్నారా?" అన్న ప్రశ్న దగ్గర కిందటి వారం శైలజను వదిలి వచ్చాం.

జగిత్యాలలో ఆ ప్రశ్న వేసింది ప్రవీణ. చదువులో వెనకబడిన పిల్లలను పరీక్షించి కారణం తేల్చడం ఆమె వృత్తి. కోరుట్లలో తొమ్మిదో తరగతి చదువుతున్న భాగ్యశ్రీకి ఉన్నది బద్ధకం కాదనీ, తెలివితక్కువతనం అసలే కాదనీ, దాని పేరు డిస్లెక్సియా అనీ ఆమె తేల్చింది. చూపు బాగానే ఉంది, బుద్ధి బాగానే ఉంది, అక్షరాన్ని శబ్దంగా మార్చుకునే దారి మాత్రం ఆ పిల్ల మెదడులో వేరుగా ఉంది. ఇది తరచూ వంశంలో కనిపిస్తుందని చెప్పి, మీ కుటుంబంలో ఇంతకు ముందు ఇలా చదవలేకపోయినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని ప్రవీణ అడిగింది.

"లేరు" అని శైలజ జవాబు చెప్పింది.

అది అబద్ధం. శైలజకు రంజిత్ అనే తమ్ముడు ఉండేవాడు. వాడికీ అక్షరాలు నిలవలేదు. పదిహేనేళ్ల వయసులో ఒకనాటి ఉదయం సిరిసిల్ల పక్కన మానేరు ఒడ్డున వాడి చెప్పులు దొరికాయి. మనిషి దొరకలేదు. మరుసటి ఏడు భాగ్యశ్రీ పుట్టింది. మెడ వెనక రంజిత్‌కు ఉన్నచోటే దానికీ పుట్టుమచ్చ ఉండటం చూసి, కొడుకు మనవరాలై తిరిగి వచ్చాడని శైలజ తల్లి రాజమణి నమ్మింది. పిల్ల పలక మీద తడబడిన మొదటి రోజు నుంచీ ఆ నమ్మకమే వైద్యం, ఆ నమ్మకమే తీర్పు. చచ్చినవాడు చదవనివ్వడం లేదని ఇల్లంతా ఒప్పుకున్నాక ఇక ఆ పిల్లను ఎవరికి చూపించాలి?

ప్రవీణకు శైలజ చెప్పని సంగతి మరొకటి ఉంది. సాయంత్రాలు హోంవర్కు దగ్గర ఆమె చెయ్యి కూడా లేచేది. బడిలో స్కేలుతో కొట్టిన వేళ్ల మీదే ఇంట్లోనూ దెబ్బలు పడేవి. పరీక్ష ఫలితం తెలిసిన రోజు నుంచి ఆ చెయ్యి లేవలేదు. అంతకు ముందు పడిన దెబ్బలు మాత్రం పడినట్టే ఉన్నాయి.

వచ్చే సోమవారం జగిత్యాలలో వైద్యుల బోర్డు కూర్చుంటుంది. బోర్డు ధ్రువపత్రం ఇస్తే పదో తరగతి పరీక్షలో భాగ్యశ్రీ జవాబులు నోటితో చెప్పవచ్చు. ఆమె చెప్పింది రాసేందుకు ఒక మనిషిని ఇస్తారు, సమయం కూడా పెంచుతారు. ఇవ్వకపోతే, దసరా సెలవుల తరువాత టీసీ తీసుకుపొమ్మని బడి యజమాని హన్మండ్లు చెప్పేశాడు. తమ బడి పది ఫలితాలు నూటికి నూరని ఆయన గోడ మీద రాయించుకున్నాడు. ఆ గోడ మీది అంకె కదలకూడదంటే ఒక పిల్ల కదలాలి. ఈ లెక్కను ఆయన ఎంతో మర్యాదగా, చాయ్ తెప్పించి మరీ వివరించాడు.

మస్కట్‌లో ఉన్న భర్త ప్రేమ్‌కుమార్ ఫోన్‌లో ఒకే మాట అన్నాడు. "మామ ఎట్లంటె గట్ల చెయ్యి." మామ అంటే శైలజ తండ్రి దశరథం. ప్రేమ్‌కుమార్‌కు ఆయన సొంత మేనమామ కూడా. ఆ మేనమామ మాట అంతకుముందే వచ్చేసింది: "పిల్లను సిరిసిల్లకు తోల్కరా. సదువు సాలు."

ఆ మాటను మార్పించడానికి శైలజ బయలుదేరింది. కోరుట్ల బస్టాండు మైకులో ప్రకటనలు చదివే మనిషి ప్రతి ఊరి పేరునూ చివరి అక్షరం దగ్గర సాగదీసి, కాసేపు ఆగి, తరువాతి ఊరు చెబుతాడు. ఆ ఉదయం అతడు "వేములవాడా..." అని సాగదీస్తుండగా తల్లీ కూతుళ్లు బస్సెక్కారు.

*

అది పెత్రమాస. చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే రోజు. ఇంటి మగవాడు పళ్లెంలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టుకుని అయ్యగారి దగ్గరికి పోతాడు. వంశంలో పోయినవారి పేర్లు ఒక్కొక్కటే పైకి చెబుతాడు. అయ్యగారు ఆ పేర్లకు నువ్వులూ నీళ్లూ వదులుతాడు. ఆ సాయంత్రమే ఆడవాళ్లు మొదటి బతుకమ్మ పేర్చుకుంటారు. ఒకే రోజు పొద్దున చచ్చినవాళ్లకూ, సాయంత్రం పూలకూ చెందుతుంది. ఆ రెండింటి మధ్య మధ్యాహ్నం ఎవరిదో ఎవరూ ఆలోచించరు.

సిరిసిల్ల బి.వై. నగర్‌లో శైలజ పుట్టింటి వెనకభాగం సాంచెల షెడ్డు. సాంచెలంటే మరమగ్గాలు. పండుగని ఆ రోజు వాటిని ఆపివేశారు. సాంచెలు ఆగిన ఇల్లు శైలజకు ఎప్పుడూ భయమే. ఆ మోత మధ్య పుట్టి పెరిగినవాళ్లకు రెండు అలవాట్లు ఒంటబడతాయి. ఒకటి, గొంతెత్తి మాట్లాడటం. రెండు, వినబడని మాటను ఎదుటివాడి పెదవులు చూసి పట్టుకోవడం. మోత ఆగిపోయిన రోజు కూడా గొంతు తగ్గదు. అందుకే ఆ ఇంట్లో పెత్రమాస నాడు మామూలు మాటలు కూడా తగాదాలా వినిపిస్తాయి.

వాకిట్లో చాప మీద రాజమణి గునుగు పూల కాడలు సమంగా కత్తిరిస్తోంది. లోపలి గోడకు రంజిత్ ఫోటో. దానికి ప్లాస్టిక్ పూల దండ, నుదుట ఆ పొద్దునే పెట్టిన కుంకుమ. ఆ బొట్టు రోజూ రాజమణే పెడుతుంది. దశరథం ఆ ఫోటో వైపు చూడడు. దుఃఖం ఎక్కువై చూడలేడని అందరూ అనుకున్నారు. అనుకోవడం ఆ ఇంట్లో సులభం. అడగడమే ఎవరికీ చేతకాలేదు.

దశరథం పత్రిక మడిచి పక్కన పెట్టాడు. ఆయన చిన్న ఆసామి. నూలు తెచ్చుకుని సొంత సాంచెల మీద కూలికి బట్ట నేయించేవాడు. బడి చదువు కొద్దిదే అయినా వీధిలో అందరికంటే బాగా చదవగలిగినవాడని పేరు. పొద్దున హోటల్ దగ్గర కార్మికులకు పత్రిక పైకి చదివి వినిపించడం ఆయనకు యవ్వనం నుంచి ఉన్న గౌరవం. అందులో ఒక్క అచ్చుతప్పు కూడా ఆయన కంటిని దాటిపోదు.

"అచ్చినవా బిడ్డా," అన్నాడు. చూపు మాత్రం వాళ్ల చేతిసంచి మీద ఉంది. "గింతే తెచ్చినవేంది? దాని బట్టలేవి?"

"రెండు దినాలకే అచ్చినం బాపు."

"రెండు దినాలేంది? నేను ఫోన్ల ఏం చెప్పిన?"

"గది మాట్లాడదామనే అచ్చిన. జర ఇను."

"ఇనేదేమున్నది? హన్మండ్లు సారు నాకు గూడ ఫోన్ జేసిండు. మంచిగనే మాట్లాడిండు పాపం. పిల్ల బుద్ధిమంతురాలే దశరథం సాబ్, గని పదిల కూసుంటె ఫేలయితది, నలుగుట్ల మీకే నామోషి అన్నడు."

"నామోషి ఆయనకు. మనకు గాదు."

"మనకు గాదా?" దశరథం నవ్వాడు. "పేపర్ల గింత పెద్దగ ఫొటోలేసి ర్యాంకులు రాస్తరు. రోజు నలుగురికి సదివి ఇనిపించేటోన్ని నేను. నా మనుమరాలు తొమ్మిదిల ఉండి అయిదో తరగతి పాఠం సదువదంటె నన్నేమనుకుంటరు?"

భాగ్యశ్రీ అమ్మమ్మ పక్కన కూర్చుని గునుగు పూలను పొడవును బట్టి విడదీస్తోంది. తన గురించి పెద్దలు మాట్లాడుకునేటప్పుడు చేతులకు పని పెట్టుకోవడం ఆ పిల్ల ఎప్పుడో నేర్చుకుంది.

"బాపు, దానికి సదువు రాక గాదు," అంది శైలజ. "పాఠం చదివి ఇనిపిస్తె మొత్తం చెప్తది. సైన్సు, సోషల్ నోటితోని అడిగి చూడు. అక్షరం చూసి చదువుడే కష్టం. డాక్టరమ్మ దానికి ఒక పేరు చెప్పింది."

"ఇన్న. ఫోన్ల చెప్పినవ్ గద. గిప్పుడు అన్నిటికి ఇంగ్లీషు పేర్లు అచ్చినయి. మా కాలంల మొద్దు అంటుండె. పేరు మారంగనే రోగం మారుతదా?"

"మారుతది. మొద్దు అంటె కొడుతరు. గీ పేరు చెప్తె పరీక్షల ఇంకింత టైమిస్తరు."

దశరథం చూపు సంచి మీది నుంచి కూతురి మీదికి మళ్లింది. కూతురు తనకు ఎదురు చెప్పిన సందర్భాలు ఆయన జ్ఞాపకంలో తక్కువ.

"వికలాంగుల సర్టిఫికెట్ తెచ్చి దాని మెడల కడుతవా?"

"ఇప్పుడు దాని మెడల ఏం లేదా బాపు? బడంత మొద్దు అని పిలుస్తున్నరు. తరగతి బయట నిలబెడుతున్నరు. గది సర్టిఫికెట్ గాదా? గది ఏ బోర్డు ఇచ్చింది?"

రాజమణి కత్తెర కింద పెట్టింది. "దాన్నేమనకుండ్రి ఇద్దరు. అదేం జేస్తది? వాడు సదువనిస్తలేడు." ఆమె చేతిని భాగ్యశ్రీ మెడ వెనక, మచ్చ ఉన్నచోట ఆనించింది. "వానికి సదువు మీద కోపం పోలె. ఇంకో జన్మెత్తినా పోలె. పెద్ద పూజ ఒకటి చేపిస్తె వాడు సల్లబడుతడు. అప్పటిదాంక బడి వద్దు. నా కాడ ఉండనీ."

"అమ్మా, గాలి గాదు, ధూళి గాదు. పుట్టుకతోనే అచ్చింది. తమ్మునికి గూడ గిదే ఉండె. మనకు తెల్వకపాయె."

"డాక్టరమ్మకేం ఎరుక? ఆమె చూసిందా నా కొడుకును?"

"చూడలె." శైలజ గొంతు ఆ మోతలేని ఇంట్లో పగిలినట్టు వినిపించింది. "మీ ఇంట్ల ఎవలన్న ఉన్నరా అని అడిగింది. లేరని చెప్పిన. వాని పేరు తియ్యనీకి నోరు రాలె నాకు. గందుకే అచ్చిన బాపు. సోమారం నువ్వు జగిత్యాల రావాలె. నా కొడుకు గూడ గిట్లనే ఉండె అని ఆమెకు చెప్పాలె. దాని రిపోర్టుకు బలమయితది. మీ అల్లునికి ఒక్క మాట చెప్పాలె, పిల్లను బడి మాన్పియ్యొద్దని. నీ మాట ఆయన దాటడు. నా మాట ఆయనకు ఇనరాదు."

దశరథం లేచి అంగీ గుండీలు పెట్టుకున్నాడు. జేబులోని ఫోన్‌ను తీసి చూసుకుని మళ్లీ పెట్టుకున్నాడు. వాళ్లు వచ్చినప్పటి నుంచీ ఆయన ఆ పని చేస్తూనే ఉన్నాడు.

"వాని పేరు డాక్టర్ల కాడ తీసుడు నాతోటి గాదు," అన్నాడు. "బియ్యం యాళ్లయితుంది. భాగ్యా, లే. పళ్లెం పట్టుకో."

పళ్లెం పట్టుకోవడం భాగ్యశ్రీ పని. బతుకమ్మకు తల్లితో పాటు వచ్చిన ప్రతిసారీ తాత వెంట అయ్యగారి దగ్గరికి పోయేది ఆ పిల్లే. పేర్లు చెప్పే చోటికి ఆడవాళ్లు పోయే అలవాటు ఆ ఇంట్లో లేదు. చిన్నపిల్ల కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

భాగ్యశ్రీ లేవలేదు.

"పోరా కొడుకా," అంది రాజమణి లాలనగా. "తాత పిలుస్తుండు గద."

"అమ్మమ్మా, నన్ను ‘రా’ అనకు."

"ఏమాయెరా?"

"నేను మామను కాను."

"నువ్వు వానివే బిడ్డా. నీకు తెల్వది. నీ మచ్చ..."

"కాను." పిల్ల చేతిలోని గునుగు కట్టను జాగ్రత్తగా చాప మీద పెట్టింది. "సచ్చిపోతె గద మళ్ల పుట్టేది? మామ సచ్చిపోలె."

రాజమణి చెయ్యి ఆ మెడ మీది నుంచి జారింది. "ఎవలు చెప్పిన్రే నీకు?"

"ఎవలు చెప్పలె. తాత మామకు బియ్యం ఇయ్యడు గద."

సాంచెలు ఆడుతున్న రోజైతే ఆ మాట మోతలో కలిసిపోయేదేమో. ఆ రోజు కలవలేదు.

"ఏమంటున్నవే?" అంది శైలజ.

"దుర్గయ్య, మొండయ్య, దేవవ్వ," భాగ్యశ్రీ తాత గొంతులోని విరుపుతోనే చెప్పుకుపోయింది. "పోయినేడాది నడిపి తాత పోయినంక పరశురాములు పేరు గూడ కలిపిండు. మామ పేరు ఎప్పుడు చెప్పలె. అయ్యగారు ఇంకెవరన్న ఉన్నరా అని అడుగుతడు. తాత, లేరు అంటడు. సచ్చినోళ్లకే బియ్యం ఇస్తరు గద అమ్మమ్మా? మరి మామకు ఎందుకియ్యడు?"

చదవలేని పిల్ల వినడం కూడా లేదని ఆ ఇంట్లో చదువుకున్నవాళ్లంతా ఏనాడో నిర్ణయించుకున్నారు. అందుకే ఆమె ముందు అన్నీ మాట్లాడారు. ఆమె ముందు అన్నీ దాచడం మరిచారు. దశరథం కూడా మరిచాడు.

*

రాజమణి చాప మీది నుంచి లేచింది. పూలు ఆమె ఒడిలోంచి రాలాయి.

"ఏమయ్యా. పిల్ల ఏమంటుంది?"

"చిన్నపిల్ల మాట..."

"చిన్నపిల్ల లేనిది చెప్తదా? నేను పళ్లెం పెట్టుకుంట అనుకుంటుంటి, నా కొడుకు తింటుండు గీ బియ్యం అని. ఏటికేడు వానికిష్టమని సొరకాయ పెడుతుంటి. గది ఎవలు తిన్నరు? నీ నోటితోని చెప్పు."

దశరథం కూర్చున్నాడు. కుర్చీలో కాదు, గడప మీద. శైలజ ఆయనను గడప మీద కూర్చోగా ఎప్పుడూ చూడలేదు.

ఆయన చెప్పినదాన్ని ఆయన మాటల్లో రాస్తే సగం నిట్టూర్పులే ఉంటాయి. జరిగింది ఇది. తొమ్మిదో తరగతి పరీక్షల్లో కొడుకు మళ్లీ తప్పాడని తెలిసిన రోజు, దశరథం ఆ రోజు పత్రిక వాడి చేతికిచ్చి షెడ్డు గుమ్మంలో నిలబెట్టాడు. పని దిగేవాళ్లూ పని ఎక్కేవాళ్లూ ఆ గుమ్మం దాటే పోవాలి. ప్రతి ఒక్కరూ వాడిచేత ఒక వరుస చదివించుకుని దాటాలని ఆజ్ఞ. కొందరు నవ్వారు. కొందరు చదివించకుండానే తలదించుకుని పోయారు. వాళ్లను ఆయన వెనక్కి పిలిచాడు. వాడు చెమటతో తడిసిన కాగితం పట్టుకుని, ఒక్క పదాన్నే మళ్లీ మళ్లీ మొదలుపెడుతూ, చీకటి పడేదాకా నిలబడ్డాడు. సాంచెల మోతలో వాడి గొంతు వినబడలేదు. పెదవులు కదలడం మాత్రం అందరికీ కనిపించింది.

మరునాడు మానేరు ఒడ్డున చెప్పులు దొరికాయి.

"ఏట్ల వెతికినోళ్లు దొరకడన్నరు. మల్ల ఏడు పెత్రమాసకు, వాని పేరు మీద బియ్యం ఇద్దామనే పళ్లెం ఎత్తిన," అన్నాడు దశరథం. "గప్పుడు ఫోనచ్చింది. బాపు, అన్నడు. గంతే. పెట్టేసిండు."

రాజమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తిరిగి చేస్తె ఎవలో చాయ్ హోటలాయన ఎత్తిండు. ఎవలో మనిషి ఫోనడుక్కొని మాట్లాడి పోయిండు అన్నడు. గప్పటిసంది ప్రతి పెత్రమాసకు వస్తది. వేరే నంబరు. నేను ఇంట్లకెళ్లి ఎల్లకముందే వస్తది. మాట్లాడడు. ఊపిరి ఇనస్తది. బతికే ఉన్న, నాకు బియ్యం ఇయ్యకు అని చెప్పుడు గావచ్చు."

"నాకెందుకు చెప్పలె?" రాజమణి గొంతు పైకి లేవలేదు. ఆ ఇంట్లో అంత చిన్న గొంతు ఎవరూ వినలేదు. "నీకు దండం బెట్టి అడుగుతున్న. నాకెందుకు చెప్పలె?"

"చెప్తె, ఎందుకు పోయిండో చెప్పాల్సస్తుండె."

అంతే కారణం. కొడుకు నీళ్లలో పోయాడంటే ఊరు జాలిపడుతుంది. ఇల్లు వదిలి పోయాడంటే ఊరు ప్రశ్నలు వేస్తుంది. ప్రశ్నలకంటే జాలి దశరథానికి తేలికగా తోచింది. ఆ తేలికను నిలుపుకోవడానికి బతికున్న కొడుకు ఫోటోకు భార్య బొట్టు పెడుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. మనవరాలి మీద లేని దయ్యాన్ని మోపుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. చూడటం ఆయనకు ఇష్టం లేకపోతే పత్రిక ఉండనే ఉంది.

రాజమణి లోపలికి పోయింది. స్టూలెక్కి దండ తీసింది. కొంగుతో అద్దం మీది కుంకుమ తుడిచింది. ఎన్నో ఏళ్ల బొట్టు కింద అద్దం మీద ఒక ఎర్రటి మరక మిగిలింది. అది తుడిస్తే పోలేదు. ఆమె తుడుస్తూనే అడిగింది.

"ఈ ఏడు అచ్చిందా?"

దశరథం జేబులోంచి ఫోన్ తీసి గడప మీద పెట్టాడు. దాన్ని పొద్దుటి నుంచి ఎందుకు తీసి తీసి చూశాడో శైలజకు అప్పుడు అర్థమైంది.

"రాలె," అన్నాడు. "ఇంత పొద్దు ఎన్నడు కాలె."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "సోమారం రమ్మంటివి. ఏ మొఖంతోటి రావాలె? వాడు బతికుంటె అస్త బిడ్డా. పదిమంది ముంగట చెప్తా, నా కొడుకు గిట్లనే ఉండె, నేను గిట్ల జేసిన అని. ఈ పిల్లను బడికి పంపుమని అల్లునికి గూడ చెప్త. గని వాడు లేకుంటె నేనే సంపినట్టు. సంపినోని మాట ఏ డాక్టరు రాసుకుంటది?"

బియ్యం పళ్లెం అందరి మధ్యా ఉంది. రాజమణి వచ్చి దాన్ని ఎత్తి మొగుడి చేతుల్లో పెట్టింది. సొరకాయను మాత్రం తీసి చాప మీద పెట్టుకుంది.

"పోయిరా. మీ అయ్యకు, అవ్వకు ఇయ్యి," అంది. "నా కొడుకు పేరు ఆడ చెప్పితివో, మళ్ల ఈ గడప తొక్కకు."

*

ఈసారి శైలజ కూడా ఆటో ఎక్కింది. ఎవరూ వద్దనలేదు.

గుడి పక్క అరుగు మీద అయ్యగారు తొందరలో ఉన్నాడు. మధ్యాహ్నం దాటవస్తోంది. పళ్లేలు పట్టుకున్న మగవాళ్లు వరుసగా కూర్చుని తమ తమ మృతులను పైకి చెప్పుకుంటున్నారు. ఒక ఊరి చనిపోయినవాళ్లంతా ఆ అరుగు మీద పేర్లుగా మారి గాలిలో ఆడుతున్నట్టుంది. దశరథం వంతు వచ్చింది. భాగ్యశ్రీ ఆయన పక్కన, శైలజ ఎదురుగా స్తంభం దగ్గర.

"దుర్గయ్య," అన్నాడు దశరథం. నువ్వులు, నీళ్లు.

"మొండయ్య. దేవవ్వ."

"ఊ. చెప్పండి."

"పరశురాములు."

అయ్యగారు చెంబు వంచి, తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంకెవరైనా ఉన్నారా?"

జగిత్యాలలో ప్రవీణ అడిగిన మాటలే. ఆ రోజు తాను ఎంత త్వరగా లేరన్నదో శైలజకు గుర్తొచ్చింది. తండ్రి అంత త్వరగా అనలేకపోయాడు. ఆయన ఒడిలోని ఫోన్ వైపు చూశాడు. అది నల్లగా, నిశ్శబ్దంగా ఉంది. వెనక వరుసలో ఎవరో దగ్గారు.

ఆయన పెదవులు విడివడ్డాయి. గొంతు రాలేదు. అయ్యగారికి ఏమీ వినబడలేదు. సాంచెల మోతలో పెరిగిన శైలజకు వినబడనవసరం లేదు. ఆ పెదవుల మీద రూపం కడుతున్న పేరు మొదటి అక్షరాన్ని ఆమె చదివింది. ఒక్క అడుగు ముందుకు వేసింది.

"ఎవరండీ?" అన్నాడు అయ్యగారు విసుగ్గా. "గట్టిగా చెప్పండి. వేళ దాటుతోంది."

ఫోన్ మోగింది.

దశరథం చేతులు పళ్లెం వదలలేదు. తెర మీద పేరు లేదు, అంకెలే ఉన్నాయి. భాగ్యశ్రీ ఆయన ఒడిలోంచి ఫోన్ తీసుకుని ఆకుపచ్చ గుర్తును నొక్కింది. అందరికీ వినిపించేలా స్పీకరు కూడా నొక్కింది.

మాట లేదు. ఊపిరి ఉంది. ఆ ఊపిరి వెనక, దూరంగా, ఒక మైకు గొంతు. "మెట్‌పల్లీ..." అని సాగదీసి, కాసేపు ఆగి, "ఆర్మూరూ..." అంది.

శైలజ స్తంభాన్ని పట్టుకుంది. ఆ గొంతు ఆమె ఆ ఉదయమే విన్నది. రంజిత్ ఆమె ఉంటున్న ఊళ్లో, ఆమె బస్సెక్కిన చోటే నిలబడి ఉన్నాడు.

"మామా," అంది భాగ్యశ్రీ.

ఊపిరి ఆగింది.

"పెట్టెయ్యకు మామా. నేను భాగ్యశ్రీని. మీ అక్క బిడ్డను. నాకు గూడ అక్షరాలు నిలవయి."

అరుగు మీద పేర్లు చెప్పుకుంటున్నవాళ్లు ఆగిపోయారు. అయ్యగారి చెంబులోంచి నీళ్లు ధారగా కారి నేల మీద పడుతున్నాయి. దశరథం కళ్లు మూసుకున్నాడు. తరువాత ఒక గొంతు వచ్చింది. పదిహేనేళ్ల కుర్రవాడి గొంతు కోసం ఎదురుచూస్తున్న శైలజకు అది పరాయి మగవాడి గొంతులా, బొంగురుగా వినిపించింది.

"నిన్ను గూడ కొడుతున్నరా, బిడ్డా?"

భాగ్యశ్రీ ఫోన్‌ను చేతిలో అలాగే పట్టుకుని, తల తిప్పి తల్లి ముఖంలోకి చూసింది.